రెండు గుంటల రొట్టె

మహ్జూబా మోటార్‌సైకిల్ దిగడం చూడటానికి మరాకేష్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో జనం ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. బండి ఆగేది, మనిషి మాత్రం దిగేది కాదు. ముందు ఒక కాలు కింద పెట్టి, దేవుణ్ణి తలుచుకుని, రెండో కాలిని చేత్తో ఎత్తి ఇవతలికి తెచ్చుకునేది. దిగాక కూడా నడుం ఇంకా బండి మీదే ఉన్నట్టు వంగి ఉండేది. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని నిటారుగా చేసేసరికి ఆమె కోసం పోసి ఉంచిన టీ కాస్తా చల్లారిపోయేది.

ఆమె నెగ్గాఫా. పెళ్లికూతుర్ని ముస్తాబు చేయడం, పల్లకీలో కూర్చోబెట్టడం, బట్టలు మార్చిన ప్రతిసారీ పాట ఎత్తుకోవడం, తెల్లారేదాకా ఆ పిల్ల పక్కన నిలబడి రాణిలా చూపించడం ఆమె పని. దానికి గొంతు కావాలి, కన్ను కావాలి, అన్నిటికన్నా ముందు నడుం కావాలి. పక్కన కొడవలిలా వంగిపోయిన మనిషి నిలబడితే ఏ పెళ్లికూతురైనా రాణిలా ఎలా కనబడుతుంది?

పల్లకీ, నగలపెట్టెలు, సాయం చేసే అమ్మాయిలు వ్యాన్‌లో వెళ్లేవారు. అందులో మహ్జూబాకూ చోటుంది, కానీ తలుపులు మూసిన బండి ఏదైనా సరే, ఎక్కిన పావుగంటకు ఆమె కడుపులోది బయటికి వచ్చేది. నిమ్మకాయలు వాసన చూసింది, పుదీనా నమిలింది, ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది, ఏదీ పనిచేయలేదు. అందుకే పోయిన భర్త బండి మీదే ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు తిరిగింది. ఊళ్లో పెళ్లిళ్లయితే ఫర్వాలేదు, దూరమైతేనే ప్రాణం పోయేది. సీటు ఆమెకు శత్రువైపోయింది.

ఇలా ఉండగా సముద్రం ఒడ్డునున్న సువీరా నుంచి ఫోనొచ్చింది. అక్కడ జరగబోయే పెళ్లిలో పెళ్లికూతురి నాయనమ్మ, హజ్ చేసొచ్చిన హాజ్జా ఇజ్జా. ఆవిడ ముగ్గురు కూతుళ్లనీ ముస్తాబు చేసింది మహ్జూబాయే.

"నీ నడుం పోయిందట కదే? సుకైనా చెప్పింది," అంది హాజ్జా, పలకరింపు కూడా పూర్తి కాకుండానే.

సుకైనా కుర్ర నెగ్గాఫా. సొంత కారుంది, నోరు అంతకన్నా పెద్దది.

"నా నడుం సంగతి ఆవిడకెందుకు హాజ్జా? ఆవిడేమన్నా మోస్తోందా?"

"మాట తప్పించకు. మా ఇంట్లో ఇంకా మనవరాళ్లున్నారు. వంగి నడిచే మనిషిని పిల్ల పక్కన నిలబెడితే వియ్యాలవారు ఏమనుకుంటారు? సుకైనాని కూడా రమ్మన్నా. చుట్టంలా కూర్చుంటుంది. నువ్వు మా గుమ్మం ముందు బండి దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి నడిచొస్తే పని నీది. లేకపోతే దానిది."

మహ్జూబా ఫోన్ పెట్టేసింది. ఆమెకు నిజంగా భయం వేసింది. హాజ్జా వద్దంటే ఆ కబురు తనకన్నా ముందే మరాకేష్ చేరుతుంది. ఆ తర్వాత పిలిచేవాళ్లుండరు. పని లేని ఇంట్లో ఒక్కతే కూర్చుని ఇతరుల పెళ్లిపాటలు కిటికీలోంచి వినడం ఆమె వల్ల కాదు.

మర్నాడే మరిది బూష్తా కొట్టుకు వెళ్లింది. బాబ్ ఖెమీస్ దగ్గర అతిథుల గదులకు దివాన్లు కుట్టడంలో అతణ్ణి మించినవాడు లేడని పేరు, ముఖ్యంగా అతని నోటనే.

"ఈ సీటు మీద రెండు గంటలు కూర్చుంటే నాకు కింద ఏముందో కూడా తెలియట్లేదు. ఏదో ఒకటి చెయ్యి," అంది.

"వదినా, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? నీకు మంత్రి కూడా కూర్చోని మెత్త చేసిపెడతా. సాయంత్రం రా."

సాయంత్రానికి బండి మీద అతిథుల గది వెలిసింది. బూష్తా తనకు తెలిసిన పనే చేశాడు. కడిగి, ఆరబెట్టి, దువ్విన గొర్రె ఉన్నిని కూరి కూరి నింపాడు. మంచి ఇంట్లో దివాను చుట్టం కూర్చున్నా కుంగకూడదు, ఎత్తుగా, గుండ్రంగా, గట్టిగా ఉండాలి, కుంగితే ఉన్ని కొనలేకపోయారని జనం చెవులు కొరుక్కుంటారు. ఈ సీటుకు ఆ లోపమేమీ లేదు. పైన బంగారు పూల జరీగుడ్డ, అంచు చుట్టూ ఎర్ర కుచ్చులు. వీధిలోవాళ్లు వచ్చి తడిమి చూసి మెచ్చుకున్నారు. మహ్జూబా కూడా మురిసిపోయింది. చూడటానికి అంత బాగుంది మరి.

బాబ్ దుక్కాలా కూడలిలో ఎర్ర దీపం పడేదాకా అంతా బాగానే ఉంది. బండి ఆగింది, కాలు కిందికి దించింది, కాలికి నేల అందలేదు. జరీ మీద నున్నగా ఒక పక్కకు జారి, బండితో సహా పుదీనా అమ్మేవాడి తోపుడుబండి మీద వాలిపోయింది. దెబ్బ తగల్లేదు కానీ ఒళ్లంతా పుదీనా. ఇంటికి వచ్చేదాకా వెనక ఎవరో నవ్వుతూనే ఉన్నట్టు అనిపించింది.

"నేను మోటార్‌సైకిల్ మీద కూర్చోవాలా, దాని మీద నన్ను ఊరేగించాలా?" అని మరిది మీద ఒంటికాలి మీద లేచింది.

"ఉన్నిలో లోపం లేదు వదినా, నీకు కూర్చోవడం రాలేదు."

ఆ మాటే ఆమె బుర్రలో తిరిగింది. కూర్చోవడం తనకు రాకపోవడమేమిటి? ఎంతమంది పెళ్లికూతుళ్లను ఎన్ని గంటలు కూర్చోబెట్టింది. ఆ వారం పక్కవీధి పెళ్లిలో పల్లకీ సర్దుతూ తన చేతులు ఏం చేస్తున్నాయో తనే మొదటిసారి చూసుకుంది. మోసేవాళ్లు ఎగురుతూ ఆడతారు కాబట్టి పిల్ల ముందుకు జారకుండా ముందు అంచు కింద మడతపెట్టిన దుప్పటి దూరుస్తోంది. మెత్తటి దిండు తీసేసి గట్టి పరుపు వేస్తోంది, ఎందుకంటే మెత్త మీద కూర్చున్న పిల్ల గంట తిరక్కుండా మెలికలు తిరుగుతుంది. తొడల దగ్గర వెడల్పుగా, కాళ్ల దగ్గర సన్నగా ఉంచుతోంది. ఇదంతా ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేతికి అలవాటైపోయింది. తన బండి సీటు మాత్రం మొదట్నుంచీ ముందుకు వాలి ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా జారి పెట్రోల్ ట్యాంకుకు గుద్దుకోవడం, మళ్లీ వెనక్కి జరగడం. నడుం పోక ఏమవుతుంది?

కొట్టుకు వెళ్లి ఇదంతా చెబితే బూష్తా ఈసారి అడ్డు తగలకుండా విన్నాడు. తన పనిని ఇంకొకరు వివరించడం అతనికి నచ్చలేదు, కానీ వింటున్నకొద్దీ ముఖం మారింది.

"అయితే ఎముకలు ఆనేచోట గుంటలు తియ్యాలి. వెనక తోకఎముక కింద ఖాళీ ఉండాలి. దానికి కొలత..." అని టేపు చేతిలోకి తీసుకుని, వదిన వంక చూసి, చెవులదాకా ఎర్రబడి టేపు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"కొలత నేను తెస్తాలే," అంది మహ్జూబా.

ఇంటికెళ్లి పెద్ద పళ్లెం నిండా గోధుమపిండి గట్టిగా పిసికింది. పొంగితే గుర్తులు చెరిగిపోతాయని పులిసిన పిండి కలపలేదు. పైన పల్చటి గుడ్డ పరిచి, తలుపు గడియ పెట్టి, బండి మీద కూర్చున్నట్టు కూర్చుంది. లేచి చూస్తే రెండు చక్కటి గుంటలు, వాటి వెనక సన్నటి గాడి. పళ్లెం మీద మరో గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని కొట్టుకు నడిచింది. బూష్తా నమాజుకు వెళ్లాడు, కొట్టు తలుపు వేసి ఉంది. పక్కనే ఆ వీధి రొట్టెల బట్టీ, ఇళ్లవాళ్లు తెచ్చిపెట్టిన పిండిని కాల్చి ఇచ్చేచోటు. పళ్లేన్ని బట్టీ అరుగు మీద పెట్టి, ఈలోగా దారం కొనుక్కొద్దామని పక్క సందులోకి వెళ్లింది. బట్టీ అరుగు మీద గుడ్డ కప్పిన పిండి పెడితే ఏమవుతుందో మరాకేష్‌లో పసిపాపకు కూడా తెలుసు. మహ్జూబాకు మాత్రం ఆ క్షణంలో అది పిండి కాదు, కొలత.

తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీ. బట్టీ నడిపే హమ్మాదీ బాబాయ్ పొడుగాటి చెక్క గరిటెతో ఏదో బయటికి లాగుతున్నాడు.

"లల్లా మహ్జూబా, ఈ రొట్టె ఏంటమ్మా ఇలా చేశారు? పులిసిన పిండి కలపడం మర్చిపోయారు. మందంగా ఉందని ఇంకాసేపు ఉంచా."

ఆమె చప్పున ముందుకొచ్చి గరిటె మీదికి తొంగిచూసింది.

"ఈ రెండు గుంటలు దేనికి? ఒకదాంట్లో నూనె, ఒకదాంట్లో తేనె పోసుకోడానికా? బాగుంది, మా ఆవిడక్కూడా చెప్తా."

"చెప్పకు బాబాయ్. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు," అని రొట్టెను పొడుగాటి జెల్లాబా అంగీ చాటున దాచుకోబోయింది. అది కాలుతోంది. అప్పుడే వచ్చిన బూష్తా దాన్ని లాక్కుని, రెండు వేళ్లతో కొట్టి చూశాడు. చెక్కలా టకటకమంది. పచ్చిపిండి అయితే కొలత తీసుకునేలోపే సాగిపోయేది, ఇది రాయి.

"వదినా, ఇంతకన్నా మంచి అచ్చు నాకు జన్మలో దొరకదు," అన్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. హమ్మాదీ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఆ అచ్చును పక్కన పెట్టుకుని బూష్తా సీటు కోశాడు. అడుగున గట్టి స్పాంజి, దాంట్లో రెండు గుంటలు, మధ్యలో గాడి, ముందు అంచు కొంచెం పైకి, కాళ్లు దిగేచోట సన్నగా. పైన అదిమిన ఉన్ని ఒక్క పొర. ఎత్తు మునుపటికన్నా తక్కువే. జరీ వద్దనేసరికి అతని మనసు చివుక్కుమంది, అయినా గరుకు నల్ల రెక్సిన్ బిగించి కుట్టాడు. వీధిలోవాళ్లు ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. తొక్కేసిన దివానులా ఉందన్నారు.

పెళ్లిరోజు పొద్దున్నే మహ్జూబా బయల్దేరింది. వ్యాన్ ముందే వెళ్లిపోయింది. మొదటి గంట నొప్పి కోసం ఎదురుచూస్తూనే గడిచింది, అది రాలేదు. షిషావాలో టీ కోసం ఆగి, అలవాటు ప్రకారం చేత్తో కాలు ఎత్తబోయి ఆగిపోయింది. కాలు తనంతట తనే ఇవతలికి వచ్చింది. అంగడివాడు చూస్తున్నాడని కూడా మర్చిపోయి ఆమె బండి చుట్టూ ఒకసారి నడిచింది, తర్వాత ఊరికే ఇంకోసారి. అక్కణ్ణుంచి సముద్రపు గాలి ఎదురు తిరిగింది. జెల్లాబా జెండాలా కొట్టుకుంది. ఆమె మాత్రం సీట్లో పోసినట్టు కూర్చుని, ఆ రాత్రి పాడాల్సిన పాటలన్నీ గాలికి పోటీగా పాడుకుంటూ పోయింది.

సువీరాలో ఇంటి గుమ్మం ముందు అందరూ ఉన్నారు. మధ్యలో కుర్చీ వేసుకుని హాజ్జా ఇజ్జా, పక్కన పట్టు కఫ్తాన్‌లో సుకైనా.

"వెళ్లి పట్టుకోండమ్మా, పెద్దావిడ పడిపోతుంది," అంది సుకైనా తియ్యగా.

మహ్జూబా బండి ఆపింది. కాలు తిప్పి దిగింది. హెల్మెట్ తీసి సుకైనా చేతిలో పెట్టింది. మూడు మెట్లూ తిన్నగా ఎక్కి, గుమ్మంలో నిలబడి, రొమ్ము నిండా గాలి తీసుకుని, నాలుక ఆడిస్తూ సన్నటి గొంతుతో పెళ్లికూత పెట్టింది. ఆ కూత మేడ మీది గదిలోకి పోయింది, వీధి చివరిదాకా పోయింది. ఇంట్లో ఆడవాళ్లందరూ తలో మూలనుంచి గొంతు కలిపారు. పెళ్లికూతురు తడిజుట్టుతో మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చింది. మహ్జూబాకు కళ్ల నీళ్లు తిరిగాయి. తనింకా నెగ్గాఫాయే.

ఆ రాత్రి ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పొద్దున వ్యాన్ సర్దించి బయటికి వచ్చేసరికి హాజ్జా ఇజ్జా బండి దగ్గర నిలబడి సీటును అరచేత్తో నొక్కుతోంది.

"ఇంత గట్టిగా ఉందేంటే? దీని మీదేనా వచ్చావు?"

"కూర్చుని చూడండి హాజ్జా."

వద్దు వద్దంటూనే ముసలావిడ మనవళ్ల భుజాలు పట్టుకుని అటు కాలూ ఇటు కాలూ వేసి ఎక్కింది. కాస్త సర్దుకుంది. ముఖంలో విసుగు పోయింది. హ్యాండిల్ పట్టుకుంది.

"నా మోకాళ్ల నొప్పికి ఇంట్లో ఏ కుర్చీలోనూ ఇలా కూర్చోలేదు," అంది చివరికి. "ఎవరక్కడ, నా టీ ఇక్కడికే తీసుకురండి." గ్లాసు వచ్చాక ఒక గుక్క తాగి, "చిన్న మనవరాలి పెళ్లి అగాదిర్‌లో. వేసవిలో. దూరమని అనకు," అంది.

"దూరమేముంది హాజ్జా?" అంది మహ్జూబా.

సుకైనా కారు వాళ్లను దాటుకుని వెళ్లిపోయింది. హాజ్జా రెండో గ్లాసు టీ అడిగింది, దిగే ఉద్దేశం ఉన్నట్టు లేదు. మహ్జూబా మెట్టు మీద నిటారుగా నిలబడి తన బండి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసింది. ఆమెకు తొందరేమీ లేదు.