వాలు తెలిసిన టేబుల్

జనగామలో సంగీత నడిపే పూల్ పార్లర్‌లో కల్యాణ్‌ను ఓడించినవాడు లేడు. రేపు అతను వరంగల్ పోటీకి వెళ్లాలి.

ఈ ఉదయం మెకానిక్ తుల్సీరాం అక్కడి పూల్ టేబుల్ మీది బట్ట విప్పి, కింద ఉన్న పలకరాయిని అంగుళం అంగుళం తట్టి చూశాడు. పగులు లేదు. ఒక కాలు మాత్రం కుంగింది.

"జర ఆగన్నా! ఆ కాలు లేపకు. బాల్ ఏ దిక్కు మర్లుతదో నాకెర్క," అన్నాడు కల్యాణ్.

"రేపు గీ వాలును సుత బస్సుల ఏసుకొని పోతవార?" అంది సంగీత.

కల్యాణ్ పక్కకు జరిగాడు. తుల్సీరాం కాలు ఎత్తి, మట్టం చూసే లెవెల్‌లో బుడగ మధ్యకు రాగానే బట్ట మళ్లీ బిగించాడు.

కల్యాణ్ అలవాటుగా కొట్టాడు. బంతి పాకెట్‌కు బెత్తెడు దూరంలో అంచుకు తగిలి వెనక్కి వచ్చింది.

"గిట్లయితే ఎట్లక్కా?"

"సాయంత్రం దాక టేబుల్ నీదే. కొట్టు."

అతను బంతిని మళ్లీ పెట్టి, ఈసారి తిన్నగా గురిచూశాడు.