రెండోసారి అడగని గొంతు

చాటలోని వడ్లను గాలికి ఎత్తి వదలబోతుండగా యాదలక్ష్మి మెడలో వేలాడుతున్న సంచి బుర్రుమని అదిరింది. సగం వడ్లు కుప్ప మీద పడ్డాయి, సగం ఆమె కాళ్ళ మీద పడ్డాయి.

"దీని నోట్లె మన్నువడ! యాళాపాళా లేదు దీనికి" అని చాట కింద పెట్టింది.

తిరుమలగిరి మార్కెట్ యార్డులో పొద్దున పూట పక్కనున్న మనిషికి మాట వినబడాలన్నా అరవాలి. ట్రాక్టర్లు వెనక్కి వస్తుంటాయి, కాంటాల దగ్గర హమాలీలు కేకలేస్తుంటారు, తాలు దుమ్ము లేచి కళ్ళల్లో పడుతుంటుంది. ఆ దుమ్ములోనే, పాత పసుపుపచ్చ రవికె గుడ్డతో తాను కుట్టుకున్న ఆ సంచిలోంచి ఆమె ఫోను తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్కారం యాదలక్ష్మి గారూ. ఈ పూట మీరు ఎలా ఉన్నారు?" అని అడిగింది ఫోనులోని ఆడగొంతు. తెర మీద మూడు బొమ్మ ముఖాలు వచ్చాయి. ఒకటి నవ్వేది, ఒకటి ఎటూ కానిది, ఒకటి ఏడ్చేది.

ఎలా ఉందంటే, మెడ నుంచి మడమల దాకా ఎక్కడ ముట్టుకున్నా పచ్చిపుండును ముట్టుకున్నట్టే ఉంది. రాత్రి పడుకున్నది పేరుకే. తెల్లవారి లేచేసరికి రాత్రంతా బస్తాలు మోసినట్టు భుజాలు బిగుసుకుపోయాయి. గాజులు వెనక్కి జరిగి ముంజేతికి తగిలినా సలుపుతోంది. యాదలక్ష్మి నవ్వే ముఖాన్ని నొక్కింది.

"చాలా సంతోషం" అంది గొంతు.

"సంతోషమట, సంతోషం" అని గొణిగింది ఆమె.

పక్క కుప్ప దగ్గర వడ్లు చెరుగుతున్న సుక్కమ్మ తల తిప్పింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే యార్డులో ఒకే దుమ్ము మింగుతున్నవాళ్ళు. "ఏమంటాందే నీ ఫోన్ల అక్క?"

"ఎట్లున్నవని అడుగుతాంది."

"నువ్వేమన్నవ్?"

"బాగున్ననన్న."

"పొద్దుగాలకెళ్ళి అమ్మా అయ్యా అని మూల్గుతున్నవ్ గదనే!"

"నీ దగ్గర మూల్గుతున్న. అది బయటి మనిషాయె. గారు అని పిలిచి మంచిగ అడుగుతుంటె మొఖం మీదనే ఏడుస్తరా ఎవలన్న?"

సుక్కమ్మ నిజమేనన్నట్టు తలూపింది, వీళ్ళ పద్ధతే అది. ఇంటికొచ్చిన చుట్టం బాగున్నరా అని అడిగితే, గొర్రె చచ్చినా, చేను ఎండినా, మొదట బాగున్నమనే అంటారు. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి, చాయ తాగి, "ఇంగ జెప్పు, ఎట్లున్నవ్" అని రెండోసారి అడుగుతారు. అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది. రెండోసారి అడగనివాళ్ళకు కష్టం చెప్పుకోవడమంటే బిచ్చమెత్తినట్టే. ఈ ఫోనేమో ఒక్కసారే అడుగుతుంది. జవాబు రాగానే చాలా సంతోషమని చెప్పి పాఠంలోకి దిగుతుంది. పుట్టిన్నుంచి ఎవరూ యాదలక్ష్మిని గారు అని పిలవలేదు. అంత మర్యాద తెలిసిన గొంతుకు ఈ చిన్న మర్యాద తెలియకపోవడమే ఆమెకు ఒళ్ళుమంట. ప్రతిసారీ నవ్వే ముఖాన్ని నొక్కి, ఇప్పుడైనా మళ్ళీ అడుగుతుందేమోనని కాసేపు చూసి, అడగకపోయేసరికి తిట్టేది.

ఈ నొప్పులు ఇవాళ్టివి కావు. ఆమె తిరగని దవాఖాన లేదు. ఎక్స్‌రేలు తీశారు, రక్తం తీశారు, రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. ఆ మాట వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొగుడు గుర్వయ్య గొర్రెలు కాస్తాడు, గొర్రె కుంటితే మాత్రం ఏ కాలు, ఏ గిట్ట అని పట్టిపట్టి చూస్తాడు. పెళ్ళాం కుంటితే "రిపోర్టు మంచిగొచ్చె గదనే, ఇంగ నొప్పెక్కడిది" అని తువ్వాల దులుపుకుని పోతాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా.

చివరికి పోయిన ఎండాకాలంలో, పట్నం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఆమె మెడ మీద, భుజాల మీద, మోకాళ్ళ లోపలివైపు బొటనవేలితో నొక్కి చూసింది. యాదలక్ష్మి కెవ్వుమంది. "ఇది నిజంగా ఉన్న జబ్బే. ఫైబ్రోమయాల్జియా అంటారు. రిపోర్టుల్లో కనబడదు. నువ్వు అబద్ధం చెప్పట్లేదమ్మా" అంది డాక్టరమ్మ. జబ్బు ఉందని తెలిసి సంతోషంతో ఏడ్చే మనిషిని ఆ డాక్టరమ్మ అంతకుముందు చూసిందో లేదో గాని, యాదలక్ష్మి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఈ జబ్బుకు మందులతోపాటు మనసుకు కూడా తర్ఫీదు కావాలన్నారు. కోపాన్నీ దిగులునూ లోపలే కుక్కుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుందట. అందుకని, దానంతటదే పలికి పాఠాలు చెప్పే ఈ ఫోను చేతికిచ్చారు. తర్ఫీదు అయిపోయాక మళ్ళీ తీసుకుంటారు. అప్పటికీ నొప్పి తగ్గనివాళ్ళను డాక్టరమ్మ పట్నం పిలిపించి చూస్తుంది. యాదలక్ష్మి ఈ తద్దినమంతా భరిస్తున్నది ఆ పిలుపు కోసమే. తనను నమ్మిన ఒకే ఒక్క మనిషి ముందు ఇంకోసారి కూర్చోవాలి, అంతే.

మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకున్నదో లేదో, సంచి మళ్ళీ అదిరింది.

"ప్రశాంతమైన చోట కూర్చోండి. కళ్ళు మూసుకుని ఒక నది ఒడ్డును ఊహించుకోండి."

ఆమె బస్తాల నీడన కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆమెకు తెలిసిన నది ఒక్కటే, అలంపూర్ జోగులాంబ దగ్గరికి పోయినప్పుడు చూసిన తుంగభద్ర. ఆ ఒడ్డునే చెప్పులు పోయాయి. బస్సు దాకా కాలే బండల మీద గంతులేసుకుంటూ నడిచింది, గుర్వయ్య వెనక నుంచి నవ్వాడు. అది తలచుకోగానే ఉన్న ప్రశాంతత కూడా పోయింది.

"కోపం వస్తే అణచుకోకండి. ఒక్కసారి గాలి పీల్చి, నాకు కోపం వస్తోంది అని దానికి పేరు పెట్టండి" అంది గొంతు.

"కోపానికి పేరు వెట్టుడేంది, తొట్టెల్ల ఏస్తున్నమా?" అని విసుక్కుంది యాదలక్ష్మి. సుక్కమ్మకు నవ్వాగక పొలమారింది.

కానీ ఆ పాఠం ఎందుకో తలకెక్కింది. సాయంత్రం కాంటా దగ్గరి గుమాస్తా వచ్చి, "ఏందమ్మా, గింత నిమ్మలంగ చెరుగుతున్నవ్? ఒళ్ళు వంగుతలేదా?" అని ఎకసక్కెంగా అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎప్పటిలా పళ్ళు బిగబట్టబోయి ఆగింది. గాలి పీల్చి, నాకు కోపమొస్తాంది అని లోపల అనుకుంది. నొప్పి పోలేదు గాని, బిగిసిన భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆమెకు ఆశ్చర్యమేసింది. ఫోనును తిట్టడం మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద మమత కూర్చుని ఉంది. ఫోన్లు పంచి, ఎలా వాడాలో నేర్పిన భువనగిరి పిల్ల.

"ఎట్లున్నవక్కా?"

"బాగనే ఉన్న బిడ్డా. నువ్వు బాగున్నవా?"

మంచినీళ్ళిచ్చింది. మమత తాగి, చెంబు పక్కన పెట్టి నవ్వింది. "నీ తర్ఫీదు అయిపోయిందక్కా. ఫోను దీస్కపోను వచ్చిన. వేరే ఊరోళ్ళకు ఇయ్యాలె."

యాదలక్ష్మి ఆత్రంగా ముందుకు జరిగింది. "మరి డాక్టరమ్మ ఎప్పుడు రమ్మన్నది?"

"నిన్నెందుకు పిలుస్తదక్కా? తగ్గనోళ్ళనే పిలుస్తరు. నీకు మంచిగ తగ్గిందని ఫోన్ల వచ్చింది. ఒక్కనాడన్న ఏడ్పు మొఖం నొక్కలె నువ్వు."

యాదలక్ష్మి గోడకు ఆనుకుంది. "తగ్గుడేంది బిడ్డా? నిల్చుంటె నొస్తాంది, కూసుంటె నొస్తాంది."

"మరి బాగున్నవని ఎందుకు నొక్కినవక్కా?"

"అడిగినోళ్ళకు మొదలు బాగున్నమనే అంటరు గదనే! మళ్ళొక్కసారి అడిగితె జెప్పకపోదునా? ఒక్కనాడన్న మళ్ళ అడిగిందా అది?"

మమత ముఖంలో నవ్వు పోయింది. వాళ్ళమ్మ కూడా అంతేనని ఆ పిల్లకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. "మళ్ళ అడగాలని దానికి ఎవ్వలు నేర్పలేదక్కా" అంది నెమ్మదిగా. "తగ్గినోళ్ళ పేర్లన్ని పట్నానికి పోయినయి. నేను చెప్పి చూస్త. కాని వాళ్ళు నా మాట ఇనరు, నొక్కిన మొఖాలే జూస్తరు."

మళ్ళీ రిపోర్టులు బాగున్నాయి. ఈసారి ఆ రిపోర్టును తన వేలితో తానే రాసుకుంది. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

ఫోను తీసి ఇచ్చేముందు, ఆమె దాన్ని అరచేతిలో ఒక్క నిమిషం పట్టుకుంది. గొంతు పలకలేదు, తెర నల్లగా ఉంది. "పోయిరా" అంది, చుట్టాన్ని సాగనంపినట్టు. మమత దాన్ని బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. యాదలక్ష్మి సంచిని ఎప్పటిలాగే గోడ మేకుకు తగిలించి, దాని కిందనే కూర్చుండిపోయింది.

పొద్దుగూకే వేళకు గుర్వయ్య గొర్రెలను దొడ్డిలోకి తోలి, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. పొయ్యి వెలగలేదు.

"ఏమైందే?"

"ఏం గాలె" అంది అలవాటు కొద్దీ.

గుర్వయ్య చల్లారిన పొయ్యిని చూశాడు, మేకుకున్న సంచిని చూశాడు. రోజూ ఈ పాటికి ఫోనుతో పోట్లాడుతుండే ఆడమనిషి నోరు మెదపకుండా కూర్చుంది. "ఏమైందంటె జెప్పవేందే?" అన్నాడు.

ప్రేమతో అడిగాడని చెప్పలేం, ఆకలి మీద ఉన్నాడు. అయినా రెండోసారి అడిగాడు.

యాదలక్ష్మి గాలి పీల్చుకుంది. "నాకు కోపమొస్తాంది" అంది. "ఒళ్ళంత నొస్తాంది. రిపోర్టులు మంచిగున్నా నొస్తాంది. నువ్వు నమ్మకున్నా నొస్తాంది. ఇన్నేండ్లు నొచ్చింది."

గుర్వయ్య ఎప్పటిలా తువ్వాల దులుపుకోలేదు. దాన్ని చేతిలో నలిపాడు. "యాడ?" అన్నాడు చివరికి, గొర్రె గిట్ట గురించి అడిగే గొంతుతోనే.

"యాడ ముట్టుకుంటె ఆడ."

గుర్వయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పుల్లలు విరిచి మంట వేశాడు. పొగ గోడ వైపు పోయింది. మేకుకు వేలాడుతున్న పసుపుపచ్చ సంచి ఖాళీదే అయినా, ఇంకా ఫోను ఆకారంలోనే ఉబ్బి ఉంది.