వెనక వరస దాకా

కోడలికి ఆసుపత్రిలో 'సంతకాల సిస్టర్' అని పేరు. ఆపరేషన్‌కి ముందు రోగి చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించడంలో ఆమెది తిరిగిన చెయ్యి. కాగితాన్ని అట్ట మీద పెట్టి, ఎడమ అరచెయ్యి అచ్చు మీద ఆనించి, కుడి చూపుడువేలు కింది గీత దగ్గర ఉంచి "ఇక్కడ" అంటుంది. పెన్ను దానంతటదే కదులుతుంది. కాగితం జారకుండా పెట్టే చెయ్యే తప్ప అందులో దురుద్దేశమేమీ లేదు. చెయ్యి తీసినా దాన్ని చదివే నాథుడు లేడు. ఒక్కో వాక్యం మొదలుపెట్టినవాడికి చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండదు.

ఈసారి మంచం మీద ఉన్నది సొంత అత్తగారు.

అత్తగారు కూరగాయల మార్కెట్లో వేలం వేస్తుంది. బల్లెక్కి "ఒకటోసారి" అన్నదంటే షెడ్డు చివర బస్తాలు దించేవాళ్ళు కూడా తలెత్తుతారు. మైకు పెట్టిస్తామంటే, కొనేవాళ్ళకి చెవుడొస్తుంది వద్దంది. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు డబ్బా ఎక్కడుందని కోడల్ని అడిగితే పక్కింటావిడ ఉప్పు పట్టుకొచ్చిన రోజులున్నాయి. డ్యూటీ చేసొచ్చి పడుకున్న కోడలు, దిండు చెవులకి అదుముకుని, ఈ గొంతు మూగబోతే ఎంత బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో.

ఇప్పుడు ఆ గొంతు దగ్గరే గడ్డ లేచింది. పడుకుంటే గాలి అందడం లేదు. తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు.

"ఇక్కడ, అత్తయ్యా" అంది కోడలు అలవాటు కొద్దీ.

"చెయ్యి తియ్యి."

"ఏంటి?"

"నీ చెయ్యి కింద ఏముందో చదువు. మీ ఆయన నా కళ్ళజోడు తేవడం మర్చిపోయాడు."

కోడలు చదివింది. "స్వరపేటికకు సంబంధించిన నాడికి హాని సంభవించినచో స్వరమునందు తాత్కాలిక లేక శాశ్వత మార్పు ఏర్పడు అవకాశము కలదని నాకు విశదపరచబడినది." అక్షరాలన్నీ తెలిసినవే. ఇంట్లో మాట్లాడుకునే మాట మాత్రం ఒక్కటీ లేదు.

"ఒకటోసారి" అంది అత్తగారు. "నాకేం ఎక్కలేదు. మళ్ళీ చెప్పు."

"గొంతు కాస్త మారొచ్చట అత్తయ్యా. అందరికీ కాదు. ఏదో రాస్తారు లెండి."

"రెండోసారి. వెనక వరసలో ఉన్నోళ్ళకి ఇంకా అందలేదు. మా దగ్గర మూడుసార్లు పిలవందే బస్తా కదలదు. ఆ 'ఏదో' ఏంటో చెప్పు."

ఉన్నదున్నట్టు చెబితే ఈవిడ లేచి ఇంటికెళ్ళిపోతే? రేపు ఊపిరాడక ఏదైనా అయితే మొగుడికి ఏం సమాధానం చెప్పాలి? ఇంతలో కోడలికి ఆ దిండు గుర్తొచ్చింది. తను కోరుకున్నదే ఎవరో ఈ కాగితంలో రాసిపెట్టినట్టనిపించి సిగ్గేసింది.

కాగితం పక్కన పెట్టేసింది. "గొంతు పోవచ్చు, అత్తయ్యా. కొన్నాళ్ళకి రావచ్చు, రాకపోవచ్చు. చాలామందికి ఏమీ అవ్వదు, కొందరికి అవుతుంది. అలా అయితే గుసగుసగా మాట్లాడగలరు గానీ, బల్లెక్కి పిలవలేరు. అలాగని గడ్డ ఉంచుకుంటే ప్రాణానికే ముప్పు."

"మూడోసారి" అంది అత్తగారు. "ఇప్పుడు అందింది. ఆపరేషన్ రేపు కాదు, ఎల్లుండి పెట్టమను. రేపు పొద్దున నాకు మార్కెట్లో పనుంది."

డాక్టరు విసుక్కున్నాడు గానీ ఒక్కరోజుకి ఒప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి అత్తాకోడళ్ళిద్దరూ మార్కెట్లో ఉన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో కోడలు అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. అందరికంటే వెనక, కాటా పక్కన నిలబడింది. అత్తగారు బల్లెక్కి, క్యాబేజీ బస్తా మీద చెయ్యేసి పిలిచింది. ఇంట్లో చెవులకి చిల్లులు పొడిచే గొంతు, రేకుల కప్పు కింద కావలసినంత చోటు దొరికి హాయిగా పరుచుకుంది. గడ్డ అడ్డుపడి ఊపిరి కోసం ఆగినప్పుడల్లా కొనేవాళ్ళూ ఆగారు. తక్కువకి అడిగిన ఒకాయనతో "అంతకి తొడిమలొస్తాయి, పట్టుకెళ్తావా?" అంది. షెడ్డంతా నవ్వింది, కోడలు కూడా నవ్వింది. ఇంత బాగుంటుందని తనకెవరూ చెప్పలేదు. ఆఖరి బస్తా అమ్మాక అత్తగారు బల్లని ఒకసారి తడిమి దిగింది.

తిరిగొచ్చి సంతకం పెట్టింది. కోడలు కాగితాన్ని అంచు దగ్గర పట్టుకుంది.

మరునాటి ఆపరేషన్‌లో గడ్డ పూర్తిగా వచ్చేసింది. అయితే అది నాడికి అతుక్కుపోయి ఉందన్నారు. మెలకువ రాగానే రోగి చేత మాట్లాడించి చూడడం అక్కడి పద్ధతి.

"అత్తయ్యా, ఒక్క మాట అనండి."

అత్తగారు నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే.

ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు కోడలు రోగులతో "డాక్టరుగారొచ్చి చెప్తారు" అని తప్పుకునేది. ఆ మంచాల మీది నుంచి ఆ రోగులు తనవైపు ఎందుకలా చూసేవారో ఇప్పుడు తెలిసింది. ఈసారి తప్పుకోలేదు. అత్తగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది.

అత్తగారు వేలితో దగ్గరికి రమ్మంది. కోడలు వంగి, చెవి ఆమె పెదవుల దగ్గర పెట్టింది.

"నువ్వు చెప్పావుగా" అంది అత్తగారు, వినీ వినపడకుండా. ఊపిరి తీసుకుని మళ్ళీ అడిగింది. "నిన్న వెనక దాకా వినపడిందా?"

"వినపడింది, అత్తయ్యా" అంది కోడలు.