పూజగదిలో సేనాపతి

శనివారం పొద్దున్న స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని పూజగదిలోకి అడుగుపెట్టిన గోపాలకృష్ణమూర్తి మాస్టారికి నోట్లో శ్లోకం నోట్లోనే ఆగిపోయింది. పీట మీద, అంతర్వేది నరసింహస్వామి పటం ముందు, ఆయన సేనాపతి నిలబడి ఉన్నాడు.

మూడంగుళాల బొమ్మ. సింహం తల, మనిషి ఒళ్ళు, కుడిచేతిలో కత్తి. నిన్న సాయంత్రం దానికి రంగుకి ముందు పూసే నల్ల ప్రైమర్ కొట్టి, ఆరడానికి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద పేపరు వేసి పెట్టారు. ఇప్పుడు దాని నుదుటన కుంకుమ బొట్టు ఉంది. జూలు నిండా పసుపు, ఒంటికి గంధం. కత్తి మీద నందివర్ధనం పువ్వు తగిలించడంతో అది కత్తో గదో తెలియడం లేదు. ఎదురుగా చిన్న గిన్నెలో పానకం.

“హైమా!” అని గొంతు తగ్గించి పిలిచారు.

హైమ చేతిలో గరిటెతోనే వచ్చింది. “అమ్మ పెట్టిందండి. నేను చూసేసరికి హారతి కూడా ఇచ్చేసింది.”

“అది యుద్ధం ఆటలో బొమ్మ అని చెప్పకూడదూ?”

“మీరే చెప్పండి. యాభై రెండేళ్ళ హైస్కూల్ మాస్టారు ఆదివారం పూట బొమ్మలతో యుద్ధాలు ఆడుతున్నాడని నా నోటితో నేనెలా చెప్పను? నెల్రోజుల నుంచీ స్కూల్ పని మీద వెళ్తున్నారని చెబుతున్నాను.”

ఇంతలో బుల్లెమ్మగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. ఆవిడది అంతర్వేది పక్క పల్లెటూరు. ఎండాకాలం కూతురి దగ్గర గడుపుదామని కాకినాడ వచ్చారు.

“అల్లుడుగారూ, మీరు బంగారంలాంటి మనిషి. మిమ్మల్ని ఒక్క మాట అనను. కానీ చెప్పుల మీద స్వామిని పెడతారాండి?”

“అది... ఆరుతుందనీ...”

“నల్లరాయి ఆరడం ఏంటండి? ఏ ఊరి శిల్పో గానీ మీసం వెంట్రుక కూడా వదల్లేదు. నిన్న సాయంత్రం కూర్చోబెట్టుకున్నాను, రాత్రి మోకాళ్ళు సలపలేదు. నెల తర్వాత ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. నవ్వుతావేంటే హైమా, నిజం!”

హైమ నవ్వుతున్నది తల్లిని చూసి కాదు. మొగుడి ముఖం చూసి.

మాస్టారు “అలాగేనండి” అని కూర్చుని పూజ మొదలుపెట్టారు. రోజూ చేసే పూజే. కానీ కళ్ళు తెరిచినప్పుడల్లా సింహమే కనిపించింది. మొన్న ఈ బొమ్మ గడ్డం కింద ఎక్కువై మిగిలిన చిన్న ముక్కని తనే గోళ్ళు తీసే కట్టరుతో కత్తిరించారు. మూతికి దుమ్ము అంటితే వేలికి ఉమ్మి రాసి తుడిచారు. ఇప్పుడు చెయ్యి చాచి తీసుకుందామంటే చెయ్యి రావడం లేదు. మధ్యలో జరిగిందేమిటి? ఒక ముసలమ్మ నమ్మి దణ్ణం పెట్టింది, అంతే కదా. ఆ అంతే చాలేమో. పటంలో స్వామి కూడా ఒకప్పుడు ఎవరి దుకాణంలోనో కాగితం చుట్టలో ఉన్నవాడే. ఎప్పుడు వస్తాడో ఆయన, ఎవరు పిలిస్తే వస్తాడో! ఈ ప్రశ్నకి జవాబు తెలియక, నీళ్ళు వదిలి లేచారు.

తెలియకపోతే పోనీ అని ఊరుకోవడానికి వీల్లేదు. రేపు మధ్యాహ్నం మూడింటికి యుద్ధం ఉంది.

ఆట శరత్‌చంద్ర ఇంట్లో. అతను గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. రెజిన్ ద్రవంతో బొమ్మలు ముద్రించే త్రీడీ మిషన్ ఒకటి కొనుక్కుని, భార్య బీరువా అడిగిన చోట దాన్ని పెట్టుకుని, రాత్రింబవళ్ళు వేలెడంత సైనికుల్ని తీస్తుంటాడు. హాల్లో ప్లైవుడ్ బల్ల, దాని మీద థర్మోకోల్ కొండ, నీలం రంగు వేసిన కాలువ. ఎవరి దండు ఎంత దూరం నడవాలో టైలరు టేపుతో కొలుస్తారు, ఎవరు ఎవర్ని కొట్టారో పాచికలు చెబుతాయి. ఆరు రౌండ్లు అయ్యేసరికి కొండ మీద ఎవరుంటే వాళ్ళది గెలుపు. శరత్ ఆడడు. తీర్పులు చెబుతాడు. నియమాలన్నీ అతను రాసినవే.

ఆడేది మాస్టారూ దొరబాబూ. దొరబాబుకి హార్బర్లో రెండు బోట్లున్నాయి. మామూలు రోజుల్లో అతన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా వేట నిషేధం వస్తుంది. ఆ రెండు నెలలూ బోట్లు ఒడ్డుకి, దొరబాబు బల్ల దగ్గరికి. ఈ ఏడు ఎనిమిది ఆదివారాలు ఆడారు. ఎనిమిదీ మాస్టారే ఓడారు. రేపటి అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. ఈ ఒక్కటీ గెలవకపోతే మళ్ళీ వేసవి దాకా దొరబాబు నోరు భరించాలి. అది మామూలు నోరు కాదు. చేపల మార్కెట్లో ఎదురుపడినా “మాస్టారికి ఎనిమిది పీతలు కట్టరా, లెక్క ఆయనకి తెలుసు” అనే నోరు.

అందుకే ఈసారి కొత్త సేనాపతి. పాత గుర్రపు సేనాపతికి బదులు సింహాన్ని రాసుకుని, శరత్‌కి చీటీ కూడా ఇచ్చేశారు. చీటీ ఇచ్చాక సేనాపతిని మార్చకూడదు, సేనాపతి లేని దండు బల్ల ఎక్కకూడదు. ఇంకో సింహాన్ని తీయమని ఫోన్ చేస్తే శరత్ నిట్టూర్చాడు.

“రెజిన్ సీసా అయిపోయిందండి మాస్టారూ. మంగళవారం గానీ రాదు. ఉన్నదానికేమైందండి?”

చెప్పక తప్పలేదు. చెప్పిన అయిదు నిమిషాలకి దొరబాబు ఫోన్ చేశాడు.

“ఏంటి మాస్టారూ, మీ సేనాపతి సన్నాసుల్లో కలిశాడంటగా?”

“పెట్టెయ్యవయ్యా ఫోను.”

“పెట్టేత్తాను గానీ, మా సేనాపతి పీత రాక్షసుడికి కూడా కాస్త తీర్థం పంపండి. పాపం ఎనిమిది యుద్ధాలు చేసి అలిసిపోయాడు!”

ఆ రోజంతా మాస్టారు నోరు తెరవాలనుకోవడం, బుల్లెమ్మగారు మోకాళ్ళు సలపడం లేదని మెట్లు ఎక్కి చూపించడం, ఆయన నోరు మూసుకోవడం. అలాగే గడిచింది.

ఆదివారం భోజనాలయ్యాక, ఆవిడ తమలపాకుకి సున్నం రాస్తుండగా, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు. స్కూల్ పని అబద్ధం దగ్గర్నుంచి చెప్పుల స్టాండు దాకా ఒక్క మాట దాచకుండా చెప్పేశారు. చెప్పి, పిల్లాడు ప్రోగ్రెస్ కార్డు ఇచ్చినట్టు తల వంచుకున్నారు.

బుల్లెమ్మగారు ఆకు మడిచి బుగ్గన పెట్టుకున్నారు.

“అయితే అది రాయి కాదా?”

“కాదండి. ప్లాస్టిక్ లాంటిది.”

“మా ఊళ్ళో చవితికి మట్టితో చేస్తాం. నేనెప్పుడైనా మట్టని తీసిపారేశానా? అది సరే. ఈ ఆటలో ఆయనేం చేస్తాడు?”

“కొండ ఎక్కి నిలబడతాడండి. రాక్షసులొస్తే కొడతాడు.”

“మంచి పనే కదా. వాళ్ళు కొడితే?”

“పడిపోవచ్చండి. అప్పుడు బల్ల మీంచి తీసేస్తారు.”

ఆవిడ ముఖంలో నవ్వు వచ్చీ రాకుండా ఆగింది. “మీరు గెలిచారా ఎప్పుడైనా?”

“లేదండి.”

“ఒక్కసారి కూడానా?”

హైమ వంటింట్లోంచి, “ఒక్కసారి కూడా!” అంది.

బుల్లెమ్మగారు లేచి కాళ్ళు కడుక్కుని పూజగదిలోకి వెళ్ళారు. వినాయక చవితి మర్నాడు చేసినట్టే, అక్షింతలు వేసి, స్వామీ నీ చోటికి నువ్వు వెళ్ళు అని ఉద్వాసన చెప్పి, బొమ్మని పీట మీద కొంచెం పక్కకి జరిపారు. మాస్టారు తనకి తెలియకుండానే చేతులు జోడించారు. ఆవిడ మాత్రం బయటికొచ్చి బొమ్మని ఆయన చేతిలో పెట్టి, “ఆటో పిలవండి, నేనూ వస్తాను” అన్నారు. “ఇంట్లో కూర్చుని ఏమయిందో ఏమయిందో అనుకోవడం నా వల్ల కాదు.”

శరత్ ఇంట్లో మొదటి గొడవ రంగు దగ్గర వచ్చింది. ప్రతి బొమ్మకీ కనీసం మూడు రంగులుండాలి అన్నది శరత్ పెట్టిన రూలు. మాస్టారు బద్ధకించి ఉత్త నల్ల దండుతో వచ్చేస్తున్నారని పెట్టాడు.

“ప్రైమర్ రంగు కాదండి,” అన్నాడు దొరబాబు, బొమ్మని తాకకుండా వంగి చూస్తూ. “దీనికి రంగేదండి?”

“పసుపు ఒకటి,” అన్నారు బుల్లెమ్మగారు కుర్చీలోంచి. “కుంకుమ రెండు. గంధం మూడు. ఇంకా కావాలా నాయనా, విభూతి ఉంది.”

శరత్ నియమాల కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. రంగు దుకాణంలో కొన్నదే కావాలని ఎక్కడా రాసి లేదు. “చెల్లుతుందండి,” అన్నాడు.

యుద్ధం మొదలైంది. మాస్టారు ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. విలుకాళ్ళని కాలువ వెనక దాచి, బల్లేల వాళ్ళని ఎరవేసి, మూడో రౌండులోనే సింహాన్ని కొండ ఎక్కించారు. దొరబాబు మొసలి మూకలో సగం కాలువ దాటలేదు. బుల్లెమ్మగారికి అయిదు నిమిషాల్లో ఆట అర్థమైంది. “ఆ మూల ఖాళీ వదిలేశారేంటండి?” అని ఒకసారి అంటే, శరత్ “పక్కవాళ్ళు చెప్పకూడదండి అమ్మగారూ” అన్నాడు. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు గానీ, కళ్ళతో మూల చూపిస్తూనే ఉన్నారు.

ఆఖరి రౌండు. దొరబాబుకి మిగిలింది పీత రాక్షసుడు ఒక్కడు. వాడు కొండ ఎక్కి సింహం ఎదురుగా నిలబడ్డాడు. అయిదు పాచికలు వెయ్యాలి. అయిదులూ ఆరులూ దెబ్బలు. మూడు దెబ్బలు తగిలితే సింహం పడుతుంది, కొండ పీతది. తగలకపోతే కొండ మాస్టారిది.

దొరబాబు పాచికలు గుప్పెట్లో పట్టుకుని కదిపాడు. సింహం వంక చూశాడు. మళ్ళీ కదిపాడు. బల్ల మీద పెట్టేశాడు.

“నా వల్ల కాదు మాస్టారూ.”

“ఏమైందయ్యా?”

“బొట్టు పెట్టుకునున్నాడండి. మా ఇంటి ఇలవేల్పు కూడా ఆయనేనండి. ఈ అర్ధరాత్రి బోట్లు సముద్రంలోకి దిగుతాయి, పద్నాలుగుమంది మనుషులు వెళ్తారు. నేనిక్కడ కూర్చుని స్వామి మీద పీతని వదల్నా? కొండ మీదేనండి. గెలిచారు, పట్టుకుపొండి.”

నవ్వుతూ అన్న మాట కాదది. ఇప్పటిదాకా వాగిన నోరే అది అనిపించలేదు.

“ఉద్వాసన చెప్పేశాను నాయనా,” అన్నారు బుల్లెమ్మగారు. “ఇప్పుడది బొమ్మే.”

“మీరు చెప్పారండి. బొట్టు పోలేదు కదండి.”

“అయితే తుడిచేద్దాం,” అని మాస్టారు జేబురుమాలు తీశారు.

“తుడిస్తే రెండు రంగులే మిగుల్తాయండి,” అన్నాడు శరత్ దిగులుగా. “బల్ల దింపెయ్యాలి.”

జేబురుమాలు చేతిలోనే ఉండిపోయింది. మాస్టారు కొండ వైపు చూశారు. ఎనిమిది ఆదివారాల తర్వాత, తన సేనాపతి, కొండ నెత్తిన. ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే చాలు, గెలిచినట్టే. కానీ ఇది తను గెలిచిందా? ఒక మనిషి భక్తిని అడ్డం పెట్టుకుని బతికిన సింహం అది. దేవుణ్ణి డాలుగా పట్టుకుంటే ఆయన వద్దంటాడా అంటే అనడు, నోరు లేదు కనక. అందుకని పట్టుకోవచ్చా?

“కుదరదు,” అన్నారు. “దెబ్బ పడాల్సిందే. దొరబాబూ, నీ చేత్తో వద్దయ్యా, వేరే ఎవరితోనైనా వేయించు. ఆ పాపం పుణ్యం ఏదైనా ఉంటే బొమ్మ నాది, నాకు రాసుకో.”

“ఎవరు వేస్తారండి?” అన్నాడు దొరబాబు. శరత్ అప్పటికే రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇటు తెండి,” అన్నారు బుల్లెమ్మగారు. “పెట్టింది నేను, పంపింది నేను. మధ్యలో మీ భయాలేంటి?”

మాస్టారు అయిదు పాచికలూ ఆవిడ దోసిట్లో పోశారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్క క్షణం పెదవులు కదిపారు. తర్వాత కళ్ళు తెరిచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చిన్నప్పుడు గవ్వలాడిన చేతివాటంతో మణికట్టు తిప్పి బల్ల మీదికి విసిరారు. పాచికలు కొండ పాదానికి తగిలి ఆగాయి.

ఆరు. రెండు. ఆరు. అయిదు. ఆరు.

“పడ్డాయి!” అని బుల్లెమ్మగారు కుర్చీలోంచి లేచిపోయారు. మోకాళ్ళ సంగతి ఆవిడకే గుర్తులేదు. “నాలుగు! చూశారా, నాలుగు!” అన్నాక, పడింది ఎవరో తెలిసి చెంగు నోట్లో కుక్కుకున్నారు.

మాస్టారు తనే వంగి సింహాన్ని కొండ మీంచి తీశారు. ఓడినందుకు ఏడుపు రావాలి. రాలేదు. వస్తున్నది నవ్వు.

దొరబాబు ఆయన ముఖం చూశాడు, బుల్లెమ్మగారి ముఖం చూశాడు. ఊపిరి వదిలాడు. పోయిన నోరు తిరిగొచ్చింది.

“ఆయ్! తొమ్మిదికి తొమ్మిదండి మాస్టారూ!”

“ఆగు నాయనా,” అన్నారు బుల్లెమ్మగారు. “పాచికలెవరు వేశారు?”

“మీరేనండి. నా తరఫున.”

“నీ తరఫునా? నువ్వు వెయ్యనని బల్ల మీద పెట్టేశావు. పారేసిన ముక్క ఎవరు తీసుకుంటే వాళ్ళదే ఆట. గెలిచింది నేను.”

“అమ్మగారూ, పీత నాదండి!”

“పీత నీదే. దాన్ని కదిలించిన ధైర్యం ఎవరిది?”

“శరత్‌గారూ, చెప్పండి మీరు!”

శరత్ కళ్ళజోడు సర్దుకుని నియమాల కాగితాలు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అటు దొరబాబు, ఇటు బుల్లెమ్మగారు చెరో భుజం మీంచి తొంగి చూస్తున్నారు. మాస్టారు ఓడిన సంగతి ఆ గదిలో ఎవరికీ పట్టలేదు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, అందరికీ పెట్టిన పల్లెంలో మిగిలిన మామిడి ముక్కలు ఒక్కొక్కటే తింటూ, తీర్పు కోసం కూర్చున్నారు.