పెళ్లిపూట కుంటగట్టున

పెళ్లి రోజు పొద్దున వెర్లీన్‌ని గుడ్ల కోసం పంపడం నోమా చేసిన పొరపాటు. పంపినా ఫరవాలేదు కానీ, ఆ గుడ్లమ్మే ఇంటికి దారి టర్లీ వాళ్ల పశువుల బీడు పక్కనుంచి పోతుంది. ఆ బీడులో ఒక కుంట ఉంది. వారం రోజుల పాటు వదలకుండా కురిసిన చలివాన తెరిపిచ్చి, ఆ పూటే ఎండ కాసింది. గట్టున డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరబూసి ఉన్నాయి.

నోమా వెర్లీన్‌కి చెల్లెలు. రెండు రోజుల ముందే సెయింట్ లూయిస్ నుంచి దిగి ఇల్లంతా తన చేతిలోకి తీసుకుంది. పెళ్లికూతురు వెర్లీన్‌కి యాభై ఎనిమిదేళ్లనీ, మొదటి భర్త పోయి చాలా ఏళ్లయిందనీ, వచ్చేవాళ్లంతా ప్రతి ఆదివారం కనబడే మొహాలేననీ ఎవరు చెప్పినా ఆవిడ వినదు. గౌను ఇస్త్రీ చేయించింది, అక్క జుట్టుకి రోలర్లు చుట్టింది. కేకు మీద పూతకి గుడ్లు చాలవని తేలేసరికి, ఇంట్లో ఊరికే కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్న అక్కని లేపి కారు తాళాలు చేతిలో పెట్టింది.

వెర్లీన్ కారాపింది కుంటని ఒకసారి చూసి పోదామనే. గట్టెక్కి చూస్తే ఒడ్డు వారగా, మోకాలి లోతు నీళ్లలో, కంచాలు బోర్లించి తీసినట్టు గుండ్రటి గుంటలు, చేపలు గుడ్లు పెట్టే గూళ్లు, కనబడ్డాయి. ఒక్కో గుంట మీద ఒక్కో మగ బ్లూగిల్ చేప, తన జాగాలోకి ఇంకెవరొస్తారో చూస్తానన్నట్టు, రెక్కలాడిస్తూ కాపలా కాస్తోంది. ఏడాదికి ఒక్కసారి, కొన్నాళ్లపాటే దొరికే అదను అది.

డిక్కీలో దుప్పటి కింద గాలపు కర్ర ఉంది. కాఫీ డబ్బాలో వానపాములూ ఉన్నాయి. దుప్పటి కింద ఎందుకున్నాయంటే, దాచింది కాబట్టి. పెళ్లికొడుకు డెల్బర్ట్ పియానోలు శ్రుతి చేసే మనిషి. చొక్కా మడత నలగనివ్వడు. ఒకసారి ఇంటికి భోజనానికి పిలిచి చేపలు వేయించి పెడితే, ఒళ్లో రుమాలు పరుచుకుని ముళ్లన్నీ కంచం అంచున వరసగా పేర్చి, ఆ తర్వాత సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కున్నాడు. ఆ రోజే ఆవిడ మనసులో ఒక నిర్ణయానికొచ్చింది. ఈ వయసులో మంచి మనిషి దొరికాడు, గాలం మానేస్తే వచ్చే నష్టమేముంది అనుకుంది. అనుకుందే గానీ, కర్ర ఎవరికీ ఇచ్చెయ్యలేదు.

ఒక్కటి పట్టి పోదామనుకుంది. ఎర నీళ్లలో పడీ పడకముందే బెండు మునిగింది. బ్లూగిల్ అరచేతంతే ఉంటుంది గానీ దాని పొగరు దూడంత. నీళ్లలో అడ్డం తిరిగి గుండ్రంగా చక్కర్లు కొడుతుంటే కర్ర కొస వంగి వణికింది. పైకి లాగితే నారింజ రంగు రొమ్ము ఎండకి మెరిసింది. ఆ ఒక్కటీ తాడుకి గుచ్చింది. ఒక్కటే అయితే తినడానికి ఎవరికీ చాలదని ఇంకొకటి పట్టింది. ఆ తర్వాత లెక్కలు చెప్పుకోవడం కూడా మానేసింది.

నోమా పక్కింటివాళ్ల కారు అడిగి తీసుకుని వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. ఎత్తుమడమల చెప్పులు చేత పట్టుకుని గట్టెక్కుతూనే అందుకుంది. కేకు బోడిగా కూర్చుందనీ, ఊరు ఊరంతా చర్చికి బయల్దేరిందనీ, ముత్యాల రంగు గౌను హ్యాంగర్‌కి వేలాడుతుంటే అది వేసుకోవాల్సిన మనిషి రోలర్లతో పశువుల మధ్య నిలబడిందనీ, అమ్మ బతికుంటే ఏమనేదనీ వరసపెట్టి దులిపేసింది.

"అమ్మ బతికుంటే ఆ మూల కూర్చుని పట్టేది," అంది వెర్లీన్. "కాస్త ఈ కర్ర పట్టుకోవే, చేపల తాడు ముడిపడింది. విప్పేసి వెళ్లిపోదాం."

నోమా విసుగ్గానే పట్టుకుంది. నలభై ఏళ్లుగా ఆవిడ వానపాముని ముట్టుకోలేదు. బెండు ఒకసారి కదిలింది. రెండోసారి పక్కకి జారి మాయమైంది. ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచింది. చేప ఒడ్డుకొచ్చాక నోమా దాన్ని చాలాసేపు చూసింది.

"నీ తాడుమీది వాటికంటే ఇది పెద్దది," అంది.

"కాదులేవే."

"కళ్లు కనిపించట్లేదేంటి అక్కా? నీ దాన్ని ఇలా పక్కన పెట్టి చూడు." చెప్పులు గడ్డిలో పడేసి ఆవిడే కాఫీ డబ్బాలో వేలు పెట్టింది.

డెల్బర్ట్ బీడుకి అడ్డంపడి నడిచి రావడం ఇద్దరూ చూడలేదు. బూడిదరంగు సూటు, కోటుకి తెల్లపువ్వు, కొత్త బూట్లకి పచ్చటి పేడ. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతన్ని చూసి వెర్లీన్ చెయ్యి తలమీదికి పోయింది. రోలర్లు తడుముకుంది.

"అందరూ వచ్చేశారు," అన్నాడతను మెల్లిగా. "పాస్టర్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. మూడోసారి నా వైపు చూశారు. ఇంటికెళితే ఎవరూ లేరు. దారిలో నీ కారు కనబడింది."

ఆవిడ ఏదో అనబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు.

"మనసు మార్చుకున్నావేమోనని అనుకున్నాను. అదే అయితే చెప్పెయ్, నేను వెనక్కెళ్లి అందరికీ సర్దిచెప్తాను. బలవంతపెట్టకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను."

"మనసేం మారలేదు డెల్బర్ట్. చేపలు పడుతున్నాయి, అంతే."

"అంతేనా?"

"అంతే."

అతను కోటు గుండీ విప్పి, గుండెలనిండా గాలి పీల్చి వదిలాడు. అక్కడే గడ్డిమీద కూలబడ్డాడు. సూటు సంగతి గుర్తులేనట్టుంది.

ఇంతదాకా వచ్చాక దాచడం దేనికని వెర్లీన్ మిగతాది కూడా చెప్పేసింది. పెళ్లయ్యాక గాలం మానేద్దామనుకున్నాననీ, అతనికి ఆ వాసన పడదని తనకి తెలుసనీ చెప్పింది.

"నేనెప్పుడన్నాను?"

"అనలేదు. ఆ రోజు చేప తిని, చేతుల తోలు ఊడేదాకా కడుక్కున్నావుగా."

డెల్బర్ట్ కాసేపు గుర్తు చేసుకున్నాడు. "ఆ మధ్యాహ్నం నాకు పనుంది. చేతికి నూనె ఉంటే పియానో తీగలు పాడైపోతాయి. చేప బ్రహ్మాండంగా ఉంది. ఇంకోటి అడుగుదామంటే మొహమాటం అడ్డొచ్చింది."

నోమా వెనక్కి తిరక్కుండానే, మీరిద్దరూ కాపురం ఇక్కడే పెట్టేట్టున్నారు, పదండి పదండి అంది. తన గాలం మాత్రం నీళ్లలోంచి తియ్యలేదు.

"ఆలస్యం ఎలాగూ అయింది," అన్నాడు డెల్బర్ట్. "చర్చిలో పియానో వాయిస్తూనే ఉన్నారు. దాన్ని నిన్ననే శ్రుతి చేశాను, ఇంకాసేపు వినొచ్చు. నోమా, ఆ కర్ర ఒకసారి ఇలా ఇవ్వమ్మా."

వెర్లీన్ ఎర గుచ్చి ఇచ్చింది. బెండుని చూడమని ఆవిడ చెబుతుంటే అతను కళ్లు మూసుకుని, గాలపు దారం మీద వేలు ఆనించి నిలబడ్డాడు. తీగ పలికేముందు వణుకుతుందే, అలా ఏదో తగిలినట్టుంది, ఉలిక్కిపడి కర్ర ఎత్తాడు. చేప గాల్లోకి లేచి, నోమా భుజం మీదుగా వచ్చి, అతని కోటు పువ్వుకి తగిలి కింద పడింది. టై నిండా జిగురు. డెల్బర్ట్ పెద్దగా నవ్వాడు. రెండేళ్ల పరిచయంలో అతను అలా నోరారా నవ్వడం వెర్లీన్ వినలేదు. ఆవులు కూడా తలెత్తి చూశాయి.

చివరికి వాళ్లు చర్చికి చేరేసరికి పియానో వాయించే ఆవిడ తనకొచ్చిన పాటలన్నీ అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. వెర్లీన్ గౌను వేసుకుంది గానీ, ఒక రోలరు వెనక అలాగే ఉండిపోయింది. మొదటి వరసలో వాళ్లు ముక్కులు ఎగబీల్చారు. పాస్టరు గారు పెళ్లికొడుకు టై వంకా పువ్వు వంకా చూసి, బైబిలు తెరవబోయి ఆగి, ఏ కుంటలో అని గొంతు తగ్గించి అడిగారు. వెర్లీన్ చెప్పింది. ఆ పూట ప్రార్థన మామూలుకంటే చాలా పొట్టిగా ముగిసింది.

సాయంత్రం మొక్కజొన్న పిండి అద్ది వేయించిన చేపలని డెల్బర్ట్ రెండు చేతులతో తిన్నాడు, మొహమాటం లేకుండా ఇంకొకటి అడిగాడు. నోమా బస్సు టికెట్టు మార్చుకుంటానంది.

మర్నాడు తెల్లారి వెర్లీన్ లేచి చూస్తే పక్కన భర్త లేడు. కిటికీలోంచి పార చప్పుడు వినిపిస్తోంది. పైజామా మోకాళ్లదాకా మడుచుకుని, ఆవిడ ప్రాణంగా పెంచుకున్న పియోనీ పూలమొక్కల మడిని అతను చివరికంటా తవ్వేసి, కాఫీ డబ్బా చేతిలో పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు.

"రెండే దొరికాయి," అన్నాడు ఆవిడని చూసి.

వెర్లీన్ పెల్లగిలిపోయిన మొక్కల్ని చూసింది, మట్టికొట్టుకుపోయిన మొగుణ్ణి చూసింది. "అక్కడ కాదయ్యా," అంది కిటికీ రెక్క పూర్తిగా తెరుస్తూ. "కొట్టం వెనక, పేడకుప్ప కింద. ఉండు, వస్తున్నా."