విరిగిన కుర్చీల గది

నేలల శాస్త్ర విభాగం నుంచి విశ్వవిద్యాలయం ఖర్చుతో విదేశాలకు చదువుకోవడానికి వెళ్లిన లెక్చరర్లు నలుగురు. ముగ్గురు అక్కడే స్థిరపడిపోయారు. నాలుగో ఆమె మాత్రం డాక్టరేట్ పుచ్చుకుని తిరిగొచ్చింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుందని విద్యార్థులు ఆమెకు బుల్లెట్ మేడమ్ అని పేరు పెట్టారు. ఆమెను చూడగానే విభాగాధిపతికి ప్రాణం లేచొచ్చింది.

నెల తిరక్కుండానే ఆ ప్రాణం ఉసూరుమంది. బుల్లెట్ రాజీనామా కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కడి ప్రొఫెసర్ మళ్లీ రమ్మంటున్నారు మేడమ్. తిరిగొచ్చి ఇక్కడ అయిదేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండు సంగతి వాళ్లే చూసుకుంటారట."

"ఎందుకెళ్తున్నావని అడగనమ్మా. ఈ నెల్లాళ్లూ ఏం చేశావో చెప్పు."

"పాఠాలు చెప్పాను, పరీక్ష హాల్లో కాపలా కాశాను. నేను నేర్చుకున్న పని చేయడానికి మాత్రం జానెడు చోటు లేదు. మట్టి నమూనాలు ఇంట్లో మంచం కింద పెట్టుకున్నాను. మా అత్తగారు చెత్తనుకుని రెండుసార్లు ఊడ్చేశారు!"

విభాగాధిపతి అయిన పెద్దావిడకు నవ్వాగలేదు. నవ్వు అయ్యాక సిగ్గేసింది. పక్క గది నిండా విరిగిన కుర్చీలే. వాటిని తీయించమని ఆమె ఆరేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉంది.

"రెండ్రోజులు ఆగు" అని చెప్పి, నేరుగా రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లింది.

"ఆ కుర్చీల మీద కమిటీ తేల్చాలమ్మా" అన్నాడాయన. "అయినా కుర్ర లెక్చరర్లు వెళ్లిపోతున్నారంటే, బాండు పదేళ్లకు పెంచేద్దాం."

"కట్టుతాడు పేనుతూ కూర్చుంటే ఆవు నిలుస్తుందాండీ? ముందు గడ్డి వేయాలి గానీ."

ఆయన ఫైల్లో తల దూర్చాడు.

మర్నాడు రిజిస్ట్రారు భోజనానికి వెళ్లగానే, విభాగంలోని వాళ్లందరూ కొంగులు బిగించి, చొక్కా చేతులు మడిచి కుర్చీలు మోశారు. ఆయన తిరిగొచ్చేసరికి తన గది ముందు వరండాలో కాలు పెట్టే సందు లేదు.

"ఏమిటమ్మా ఈ అఘాయిత్యం?"

"కమిటీ కూర్చునేది మీ గదిలోనే కదండీ. చూసుకోవడానికి దగ్గరగా ఉంటాయని తెచ్చాం."

ఆయన మూతి ముడిచాడు. చుట్టూ గుమాస్తాల కిసకిసలు విని తనూ నవ్వేశాడు. సాయంత్రానికి గది కేటాయింపు కాగితం మీద సంతకం పడింది.

బుల్లెట్ గది కడిగింది. మట్టి డబ్బాలు వరసగా సర్దింది. పెద్దావిడ గుమ్మంలో తచ్చాడింది.

"ఇంతకీ ఉంటావా?"

"కలకాలం ఉంటానని మాటివ్వలేను మేడమ్. ఈ ఏడు మాత్రం రానని ఆ ప్రొఫెసర్‌కి రాసేశాను. ముందు ఇక్కడో కుళాయి పెట్టించండి, నీళ్లు లేకుండా మట్టిని ఎలా పరీక్షించను?"

పెద్దావిడ ప్లంబర్‌ని వెతుక్కుంటూ మెట్లు దిగింది.