సున్నా కూర్చునే కుర్చీ

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. ఇరవై రెండేళ్లుగా ఐదేళ్ల పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని. ఉన్న ఓపికంతా వాళ్లకే సరిపోతుంది, పెద్దవాళ్లకు ఏమీ మిగలదు. అందుకే మా బడి గుమాస్తా నా గదిలోకి ముందు తల పెట్టి, నా మొహం చూసుకుని, ఆ తర్వాతే కాలు పెడతాడు.

ఆ రోజు కాలు పెట్టలేదు. గుమ్మం అవతలి నుంచే చెప్పాడు.

"టీచరమ్మగారూ, పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పన్నెండు మంది కూడా లేని క్లాసులన్నీ ఎత్తేస్తారట. మీ పిల్లల జాబితా ఇమ్మంటున్నారు."

నా క్లాసులో ఉన్నది పదకొండు మంది. ఎత్తేస్తే వాళ్లను వీధి అవతల పెద్ద బడిలో, అరవై మంది ఉన్న గదిలో కలిపేస్తారు. అక్కడ లెక్కలు ఎలా చెబుతారో నాకు తెలుసు. పంతులుగారు బోర్డు మీద రాస్తారు, పిల్లలు చూసి రాస్తారు, ఎవరూ కిక్కురుమనరు. నన్ను ఆఫీసులో కవర్లకు బంక రాసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. నా గది పోతుందంటే నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు కూడా చూడ్డానికి కోపంలాగే ఉంటుంది కాబట్టి గుమాస్తా ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను బల్ల మీద చేతికందిన కాగితం తీసి వాడి చేతిలో కుక్కాను.

అదే కొంప ముంచింది. ఎలాగో తెలియాలంటే ముందు మా ఆట గురించి చెప్పాలి.

నేను పిల్లలకు కూడికలు ఆటలోనే నేర్పుతాను. ఆ ఏడాది ఆట పేరు పది జోడీ. చెప్పుల డబ్బాల అట్టలు కత్తిరించి, చిల్లులు పొడిచి, దారం కట్టి, ఒక్కొక్కరి మెడలో ఒక్కో అంకె వేశాను. స్టీలు గ్లాసు మీద టింగుమని కొడితే అదే గంట. గంట మోగగానే ఎవరికి వాళ్లు తమ జోడీని వెతుక్కోవాలి. ఏడు పోయి మూడును పట్టుకోవాలి, ఆరు నాలుగును, ఎనిమిది రెండును, తొమ్మిది ఒకటిని. ఐదులు ఇద్దరు, కవల పిల్లలు, వాళ్లకు వెతుక్కునే పని లేదు. జోడీ దొరికాక ఎవరి అంకె ఎంతో అన్ని వేళ్లు చాపి, మొత్తం పది ఉన్నాయో లేదో ముక్కుతో తాకుతూ లెక్కపెట్టాలి. ముక్కుతో ఎందుకంటే, వేలితో లెక్కపెడితే ఆ వేలు కూడా లెక్కలోకి దూరిపోతోంది.

ఆట పిల్లల తలకెక్కింది. ఏడుకు జలుబు చేసి రాకపోతే మూడు కూడా రాలేదు. "మావాడికి జలుబేమీ లేదండీ, ఏడు లేకుండా వస్తే పది అవ్వదని మంచం దిగడం లేదు" అని వాళ్లమ్మ చీటీ పంపింది. ఆరు వాళ్ల ఇంట్లో మనుషులు కూడా ఆరుగురే. ఆ పిల్ల ఒక సాయంత్రం ఎదురింటి తలుపు తట్టి, "మీరు నలుగురేగా, రండి" అని మొత్తం కుటుంబాన్ని వెంటబెట్టుకెళ్లింది. ఆ నలుగురూ ఇంకా తిరిగి వెళ్లలేదట.

ఇక పదకొండో పిల్ల. దాని మెడలో పది వేశాను, చూడ్డానికి ముచ్చటగా ఉందని. మొదటి రోజు గంట కొట్టగానే అందరూ లేడికి లేచిందే పరుగన్నట్టు దూకి, ఎవరి జోడీని వాళ్లు పట్టేసుకున్నారు. ఇది ఒక్కతే గది మధ్యలో పది వేళ్లూ చాపుకుని నిలబడింది. దాని దగ్గరికి ఎవరూ రాలేదు.

"టీచర్, నా జోడీ ఏది?" అంది.

"నువ్వు నిండు అంకెవి కదమ్మా. నీ జోడీ సున్నా."

"సున్నా ఎక్కడుంది?"

దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తోచక, మూలనున్న ఖాళీ కుర్చీకి సున్నా అట్ట తగిలించి, "ఇదుగో, ఇక్కడ" అన్నాను.

పది ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, కిందకు వంగి కూడా చూసింది.

"ఎవరూ లేరుగా?"

"లేకపోవడమే దాని పని."

పిల్లకు ఆ మాట నచ్చింది. ఆ క్షణం నుంచి ఆ కుర్చీకి అది కాపలా. ఒకసారి ఎనిమిది దాని మీద సంచి పెడితే, "సున్నా బడికి రాలేదూ" అని పై కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. సంచి తీసేశాక, "వచ్చింది" అని కళ్లు తుడుచుకుంది. ఆలోచిస్తే అదీ నిజమే. కుర్చీ ఖాళీగా ఉంటే సున్నా వచ్చినట్టు, దాని మీద ఏదైనా ఉంటే రానట్టు. అప్పటి నుంచి హాజరు వేసేటప్పుడు నేను కూడా "సున్నా" అని పిలిచి కాసేపు ఆగేదాన్ని. ఎవరూ పలక్కపోతే హాజరు.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. గుమాస్తా చేతిలో నేను కుక్కింది పిల్లల జాబితా కాదు, అట్టల జాబితా. సున్నా నుంచి పది దాకా, ఐదు రెండుసార్లు. వెరసి పన్నెండు. మా గుమాస్తా మక్కీకి మక్కీ దించే రకం. మర్నాడు రిజిస్టరు చూస్తే మొదటి వరసలోనే ఉంది. పేరు, సున్నా. తండ్రి, లేడు. ఎత్తు, లేదు. బరువు, లేదు. ప్రవర్తన, చాలా మంచిది.

దిద్దుదామని పెన్ను తీశాను. ఇంతలో అడుగున రాసిన మొత్తం కనబడింది, పన్నెండని. మెల్లగా పెన్నుకు మూత పెట్టేశాను. అది తప్పే. తప్పని తెలిసే చేశాను.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరుగారు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఫైలును గుండెలకు హత్తుకుని ఉండే మనిషి. మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆయాసంలో గదంతా చూసి, ఖాళీగా కనబడిన ఒకే ఒక్క కుర్చీలో కూలబడ్డారు.

పది కెవ్వుమంది. దాన్ని చూసి మిగతా పదిమందీ గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టరుగారు నిప్పు తొక్కినట్టు లేచారు. గది ఠక్కున నిశ్శబ్దమైపోయింది. ఆయనకు నమ్మకం కుదరక మళ్లీ కూర్చున్నారు. మళ్లీ గొల్లు. లేచారు. నిశ్శబ్దం.

"ఏమిటండీ ఇది?" అన్నారు నాతో.

"మీరు కూర్చుంటే సున్నా రానట్టండీ."

ఆయన నిలబడే రిజిస్టరు తిరగేశారు. ఫైలు వెనక ఆయన చేతివేళ్లు గబగబా కదలడం నాకు కనిపించింది. ఐదేళ్ల పిల్లలతో ఇరవై రెండేళ్లు గడిపినదాన్ని, ఎవరు వేళ్ల మీద లెక్కపెడుతున్నారో ఇట్టే పట్టేస్తాను.

"రిజిస్టరులో పన్నెండు మంది ఉన్నారు మేడమ్. నాకు పదకొండే వస్తున్నారు. ఒకసారి తొమ్మిది కూడా వచ్చింది. ఆ పన్నెండోవాడు ఎక్కడ?"

"మీరు ఇప్పుడే దాని మీంచి లేచారు."

"ఆలూ లేదు, చూలూ లేదు, అప్పుడే బడిలో కూడా వేసేశారా!" అని, పిల్లల వైపు తిరిగారు. "మీరు చెప్పండర్రా. సున్నాతో కలిపి మీరు మొత్తం ఎంతమంది?"

పన్నెండు అంటే గది దక్కుతుంది. పదకొండు జతల కళ్లూ నా మీదే ఉన్నాయి. నేను కనుబొమ్మ కాస్త ఎగరేస్తే చాలు, నాకేం కావాలో పట్టేసే పిల్లలు. నాకు చేతకాలేదు. రిజిస్టరులో అబద్ధం ఉండనిచ్చాను గానీ, వాళ్ల నోటితో తప్పు లెక్క చెప్పించడానికి మనసొప్పలేదు.

అప్పుడు రెండు లేచాడు. వాడు బడిలో చేరిన నాలుగు నెలల్లో నోరు విప్పి ఒక్క మాట అనలేదు. ఏం కావాలన్నా జోడీ చెవిలో చెబితే ఎనిమిదే పైకి చెప్పేవాడు.

"పదకొండు," అన్నాడు రెండు. "పదకొండుకి సున్నా కలిపితే పదకొండే. సున్నా వచ్చినా అంతే, రాకపోయినా అంతే."

నా గదిని నేను నేర్పించిన లెక్కే ముంచేసింది. అయినా ఆ క్షణంలో నాకున్నంత గర్వం ఇంకెవరికీ ఉండి ఉండదు. "శభాష్ రా!" అని అరిచాను.

ఇన్‌స్పెక్టరుగారు రాసుకున్నారు. "ఉన్నది పదకొండు. ఉండవలసింది పన్నెండు. కొరత..." అక్కడ పెన్ను ఆగింది. ఫైలు వెనక వేళ్లు ఒకసారి తిరిగొచ్చాయి. పది దాకా వెళ్లి వేళ్లు అయిపోయాయి. ఆయన తన బూట్ల వైపు దిగులుగా చూశారు. ఆలోచనలో పడి, పెన్నుతో బల్ల మీద నా స్టీలు గ్లాసును కొట్టారు.

టింగ్.

పిల్లలు లేచి ఎవరి జోడీ దగ్గరికి వాళ్లు పరుగెత్తారు. ఏడు మాత్రం మూడు చెయ్యి పట్టుకునే అరిచింది. "ఆ ఆట కాదు! సార్ కొత్త ఆట అడుగుతున్నారు! పన్నెండు ఆట! పదకొండుకి జోడీ ఏది?"

"ఒకటి!" అన్నారు అందరూ.

"నేను మీలోనే ఉన్నాను కదా," అంది మెడలో ఒకటి ఉన్న పిల్ల. "ఇంకో ఒకటి కావాలి."

"టీచర్ని కలుపుకుందామా?"

"టీచర్ గంట. గంట లెక్కలోకి రాదు."

పదకొండు తలలూ ఒక్కసారి ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగాయి. ఆయన గుమ్మం దాకా కూడా వెళ్లలేకపోయారు. కాళ్లకు నలుగురు, చేతులకు నలుగురు, కోటుకు ముగ్గురు వేలాడారు.

"దొరికింది! పన్నెండు!"

"వదలండర్రా! నేను అధికారిని! బడిలో చేరాలంటే నిబంధనలున్నాయి!"

"ఏమున్నాయి?" అన్నాడు రెండు. ఒకసారి నోరు విప్పాక వాడు ఆగే రకంలా లేడు.

ఆయన ఒక చెయ్యి విడిపించుకుని, ఫైలులోంచి నిబంధనల పుస్తకం తీసి గట్టిగా చదివారు. "చేరువారికి ఐదేళ్లు నిండి ఉండవలెను." పేజీ తిప్పారు. మళ్లీ వెనక్కి తిప్పారు. ఐదేళ్లు నిండాలని ఉంది గానీ, ఎన్నేళ్లు దాటకూడదో ఎక్కడా లేదు. ఆయన పుస్తకంలో ఉన్నదాన్ని తీసెయ్యరు, లేనిదాన్ని చేర్చరు. అలాంటి మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

పుస్తకం మూసి, చిన్న గొంతుతో అన్నారు. "మేడమ్, నాకు ఐదేళ్లు నిండాయండీ."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"నాకు చిన్నప్పుడు లెక్కలు వంటబట్టలేదు. వేళ్ల మీద లెక్కపెడితే ఆ వేళ్ల మీదే కొట్టేవారు. అప్పటి నుంచి ఫైలు వెనక దాచుకుంటున్నాను."

"ఏ బడిలో అండీ?"

ఆయన కిటికీలోంచి వీధి అవతలి పెద్ద బడి వైపు చూశారు. అంతే చాలు, నాకు అర్థమైంది.

సోమవారం ఉదయం వాళ్లమ్మగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. పెద్దావిడ, చేతికర్ర సాయంతో మూడంతస్తులూ ఎక్కారు. దరఖాస్తు మీద తల్లి సంతకం చేసి, "వీడు కాస్త మెతకమ్మా, కసురుకోకు" అని నాతో చెప్పి, టిఫిన్ డబ్బా ఆయన చేతికిచ్చి వెళ్లారు. గుమాస్తా రిజిస్టరులో సున్నా కొట్టేసి ఆ వరసలో ఈయన్ని ఎక్కించాడు. ఎత్తు, బరువు కూడా రాశాడు. ఈసారి పన్నెండు నిజంగా పన్నెండే.

మిగిలింది అట్ట. అందరికీ జోడీలు కుదిరిపోయాయి, ఏ అంకె వేసినా ఆయన మిగిలిపోతారు. చివరికి అట్ట మీద ఇంకో పది రాసి ఆయన మెడలో వేశాను, వేరే దారి లేక. వేసి గంట కొట్టాను.

ఏడు మూడు దగ్గరికి పోయింది, ఆరు నాలుగు దగ్గరికి, రెండు ఎనిమిది దగ్గరికి. పది తన కుర్చీ పక్కన నిలబడింది. ఇన్‌స్పెక్టరుగారు గది మధ్యలో, ఫైలు లేకుండా, పది వేళ్లూ చాపుకుని నిలబడ్డారు. ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు.

"టీచర్," అన్నారు, "నా జోడీ ఏది?"

నా దగ్గర ఉన్నది ఒకే సున్నా. దాన్ని ఆ పిల్ల నాలుగు నెలలుగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. 

పది ఆయన చాపిన వేళ్లను కాసేపు చూసింది. తర్వాత రెండు చేతులతో కుర్చీని గరగరా ఈడ్చుకుంటూ గది మధ్యకు తెచ్చి, తనకూ ఆయనకూ నడుమ పెట్టింది.

"ఇద్దరం పంచుకుందాం," అంది. "ఎంతమందికి పంచినా ఇది తగ్గదు."

ఆయన వంగి, తన వేళ్లను ముక్కుతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టుకున్నారు. పది వచ్చాయి. అప్పుడు కుర్చీ వైపు తిరిగి, సున్నా వేళ్లను కూడా శ్రద్ధగా లెక్కపెట్టి, రెండూ కలిపి చూసుకుని, తలెత్తి నాతో గట్టిగా చెప్పారు.

"పదే, టీచర్."